ఎవరి పాలు

పోయిన వారం మనం అజోవాను సెకొండి హైకోర్టు మెట్ల మీద వదిలాం. డిఫెన్సు లాయరుకు జ్వరం తగిలి కేసు మర్నాటికి వాయిదా పడింది. జ్యూరీలోని ఏడుగురూ ఎండలోకి వచ్చి, తొందరగా వదిలిన బడిపిల్లల్లా తలో దిక్కుకీ చెదిరిపోయారు. షామా రేవులో పడవల యజమాని ఎడుఫుల్‌ను తెడ్డుతో కొట్టి చంపాడని యోఫి అనే కుర్రాడి మీద కేసు. “నా రెండు కళ్లతో చూశాను” అని బొత్వే అనే ముసలి జాలరి బోనులో నిలబడి చెప్పిన రోజు నుంచీ జ్యూరీలో ఆరుగురి మనసులు ఇంచుమించు ఒక వైపుకే ఒరిగిపోయాయి. ఏడో మనిషి అజోవా. ఆమె మనసు అసలు కోర్టులో ఉంటేగా!

మొదటి రోజున ఆమె పది నెలల కూకూని వీపున కట్టుకుని, నాలుగేళ్ల ఎఫువా చెయ్యి పట్టుకుని జడ్జిగారి ముందు నిలబడి, తనను వదిలెయ్యమని వేడుకుంది. బడిలో మూడో తరగతికి పాఠం చెబుతుంటే పిల్లాడు వీపు మీదే నిద్రపోతాడు, ఇక్కడ ఎలా అంది. జడ్జిగారు కూడా ఆడమనిషే. అయినా ఒప్పుకోలేదు. “చంటిపిల్లల తల్లులందర్నీ ఇంటికి పంపేస్తే ఆ జ్యూరీ పెట్టెలో మగాళ్లు తప్ప ఎవరు మిగులుతారు టీచరమ్మా?” అన్నారు. కోర్టంతా నవ్వింది. ఆ సాయంత్రమే ఆమె భర్త ఎబో, షామాలో ఉన్న తన పిన్నికి కబురు పెట్టాడు. పిన్ని, పిల్లల్ని చూసుకోవడానికి అరబా అనే అమ్మాయిని పంపింది. ఆ రోజు నుంచే ఇల్లు అజోవా చేతుల్లోంచి జారిపోవడం మొదలైంది.

ట్రోట్రో వ్యానులో కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ ఆమె సంతోషంగానే ఉంది. మిట్టమధ్యాహ్నం ఇంటికి వెళ్లి ఎన్నాళ్లయిందో! ఎఫువా ఎగురుకుంటూ వచ్చి కాళ్లకు చుట్టుకుంటుంది. కూకూ రెండు చేతులూ చాపుతాడు. దిగిన చోటే నూనెలో వేయించిన తీపి ఉండలు పొట్లం కట్టించుకుంది. పొట్లం చేతిలో వెచ్చగా ఉంది. నడుస్తున్న కొద్దీ మాత్రం ఆమె గుండెలో మరో వేడి రాజుకుంది.

ఆ వేడి మొదట జడల దగ్గర పుట్టింది. ఎఫువాకి జడలల్లాలంటే లోగిలి అంతా వినిపించేలా ఏడుపు. తల్లి దువ్వెన పట్టుకుంటే చాలు, మంచం కిందికి దూరేది. అలాంటి పిల్ల అరబా మోకాళ్ల మధ్య కూర్చుని, జడలు సగం అయ్యేసరికి నిద్రపోయింది. తరవాత సూపు. తిండి గురించి పల్లెత్తు మాట అనని ఎబో ఒకరోజు వేళ్లు నాకి, “అచ్చం మా అమ్మ చేతి పల్లీ సూపే” అన్నాడు. అజోవా నవ్వింది. నవ్వి, తోమిన కుండనే తీసుకెళ్లి మళ్లీ తోమింది. ఆ తరవాత ఆదివారం చర్చిలో కూకూ బెంచీ అంచు తగిలి పడ్డాడు. ఏడుస్తూ, పాకుతూ, తల్లి మోకాలి పక్కనుంచే వెళ్లి అరబా ఒడిలో తలపెట్టాడు. వెనక బెంచీల వాళ్లంతా చూశారు.

అరబా చేసిన తప్పు ఒక్కటీ లేదు. అజోవాకి అదే మింగుడు పడేది కాదు. తప్పు చేసి ఉంటే నాలుగు తిట్టి పంపెయ్యొచ్చు. ఇంత చక్కగా చేసేదాన్ని ఏ మొహం పెట్టుకుని పంపుతుంది?

లోగిలి గుమ్మంలో పక్కవాటా మామే అట్టా పెద్ద డేగిసాలో కెంకే ఉండలు ఉడకబెడుతోంది. మొక్కజొన్న పులుపు వాసన వీధి దాకా వస్తోంది. ఆ లోగిలిలోని నాలుగు కాపురాల సంగతులూ ఆ పొయ్యి ముందు నుంచే బయటికి పోవాలి.

“ఏం టీచరమ్మా, ఇవాళ ఎవర్నీ ఉరెయ్యలేదా? పెందలాడే వదిలేశారు!”

“వాయిదా పడింది పెద్దమ్మా. పిల్లలేరీ?”

“వాళ్లమ్మ దగ్గర.” అనేసి మామే అట్టా నాలిక కరుచుకుంది. కళ్లు మాత్రం నవ్వుతూనే ఉన్నాయి. “అదేనే, అరబా దగ్గర. ఏమనుకోకు తల్లీ, నిన్న గ్యాసు బండ తెచ్చినవాడు కూడా అలాగే అనుకున్నాడు. ‘అమ్మగారూ, ఎక్కడ పెట్టమంటారు?’ అన్నాడు. అది కాదనలేదు.”

“ఎందుకు కాదనలేదు?”

“దాన్నే అడుగు. నాకు చెవులతోపాటు కళ్లూ ఉన్నాయి. నీ మొగుడి పళ్లెంలో పెద్ద చేపముక్క ఎవరు వేస్తున్నారో కూడా చూస్తున్నా.”

అజోవా లోపలికి నడిచింది. గదిలో ఎవరూ లేరు. పెరట్లో ఎఫువా గొంతు వినిపించింది. ఏదో పాట కూనిరాగం తీస్తూ పల్లీలు ఒలుస్తోంది. తల్లి గుమ్మంలో కనబడగానే తలెత్తి, “అమ్మా, అప్పుడే ఎందుకొచ్చేశావు?” అంది.

పిల్ల మామూలుగానే అడిగింది. అజోవాకి మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. జవాబు చెప్పేలోపే ఆమె చూపు గోడ నీడలోకి పోయింది.

అరబా చిన్న పీట మీద కూర్చుని ఉంది. పైగుడ్డ భుజం మీంచి జారి ఉంది. కూకూ ఆమె రొమ్ము పట్టుకుని ఉన్నాడు.

ఆడవాళ్లు ఏడ్చే పిల్లాడి నోటికి ఎండు రొమ్ము అందించి ఊరుకోబెట్టడం అజోవా ఎరగనిదేం కాదు. అత్తయ్య కూడా ఎఫువాకి అలాగే చేసేది. కానీ కూకూ ఊరికే చప్పరించడం లేదు. గుటకలు వేస్తున్నాడు. గొంతు పైకీ కిందికీ కదులుతోంది. కళ్లు అరమోడ్చి, ఒక చేత్తో అరబా మెడలోని పూసల దండని మెలిపెడుతూ, కడుపు నిండుతున్న పిల్లాడి లోకంలో ఉన్నాడు. పెదవి చివర తెల్లటి చుక్క ఒకటి నిలిచి, గడ్డం మీదికి జారింది.

పాలు.

“ఎఫువా, ఈ పొట్లం తీసుకుని మామే అట్టా దగ్గరికెళ్లు. ఆమెకీ ఒకటివ్వు. నేను పిలిచే దాకా రాకు.”

పిల్ల వెళ్లే దాకా ఆగింది. అప్పుడు రెండంగల్లో వెళ్లి కూకూని లాక్కుంది. వాడు కెవ్వుమన్నాడు. తల్లి చేతుల్లో ఉండి అరబా వైపు తిరిగి చేతులు చాపాడు. ఆ చేతులు చూసేసరికి అజోవా కళ్లముందు ఎర్రబడింది.

“నీకు పాలెక్కణ్నుంచి వచ్చాయే?”

అరబా పైగుడ్డ లాక్కుని లేచి నిలబడింది. “అక్కా, పొద్దుట్నుంచీ ఒకటే ఏడుపు. సీసా పట్టుకోలేదు. నువ్వు పిండి పెట్టిన పాలు కూడా చాల్లేదు…”

“నేనడిగింది అది కాదు. పాలెక్కణ్నుంచి వచ్చాయి?”

“అందరికీ ఎక్కణ్నుంచి వస్తాయో అక్కణ్నుంచే.”

మూడు వారాలుగా తలవంచుకుని ‘సరే అక్కా, అలాగే అక్కా’ అంటూ తిరిగిన పిల్ల గొంతు కాదది.

“పెళ్లికాని పిల్ల అని పంపారు నిన్ను.”

“పెళ్లి కాలేదు. అది నిజమే.”

“బిడ్డుందా?”

“ఉంది. ఆడపిల్ల. కూకూ ఈడుదే. మా మామ ఇంట్లో ఉంది, షామాలో.”

“నీ బిడ్డను అక్కడొదిలేసి నా బిడ్డకి పాలిస్తున్నావా? నేను కోర్టులో బల్ల మీద కూర్చుని పాలు ఎండగట్టుకుంటుంటే, నా ఇంట్లో, నా పీట మీద, నా పిల్లాడికి?” మాట మాటకీ ఆమె గొంతు పైకి లేచింది. అవతల డేగిసా మీద మూత చప్పుడు ఆగిపోయింది. మామే అట్టా వింటోంది. వింటే విననీ అనుకుంది అజోవా. “తండ్రెవడు?”

అరబా చూపు పీట మీదికి దించుకుంది.

అంతే. పోయిన ఏడాది ముందు ఏడాది సంగతులన్నీ అజోవా తలలోకి గుంపుగా దూసుకొచ్చాయి. పిన్ని ఇంటి కప్పు కారుతోందని ఎబో వారం వారం షామా వెళ్లేవాడు. శనివారం వెళ్లి ఆదివారం వచ్చేవాడు. ఒక రేకు మార్చడానికి అన్నిసార్లా? కబురు పెట్టగానే పిన్ని ఇంత వేగంగా మనిషిని ఎక్కణ్నుంచి తెచ్చింది? పల్లీ సూపు. పెద్ద చేపముక్క.

“ఎబోనా?”

అరబా ముందు అర్థంకానట్టు చూసింది. అర్థమయ్యాక నవ్వేసింది. ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

“నవ్వకు! నవ్వావంటే చంపేస్తాను!”

“నవ్వక ఏం చెయ్యనక్కా? బావకి నా పేరు కూడా సరిగా రాదు. వచ్చిన వారమంతా ‘ఏమ్మా, ఏమ్మా’ అనే పిలిచాడు. వర్కుషాపు నుంచి రాగానే ఆయన అడిగే మొదటి మాటేంటో తెలుసా నీకు? ‘టీచరమ్మ వచ్చిందా?’ రాలేదంటే గుమ్మంలోనే కూర్చుంటాడు, లోపలికి కూడా రాడు.”

అజోవాకి బరువు దిగినట్టే అయింది. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. తన మొగుడు గుమ్మంలో కూర్చుని తన కోసం చూసే సంగతి తనకి తెలియదు, దీనికి తెలుసు. ఆ ఎదురుచూపు కూడా ఈ పిల్లే చూసింది.

“మరి ఎవరు?”

“ఆ పేరొక్కటీ అడక్కక్కా. నీకు చెప్పకూడని పేరు.”

“నా బిడ్డకి పాలిచ్చేదానివి, నాకు చెప్పకూడని పేరేమిటే?”

“కావాలంటే పిల్ల పేరు చెప్తాను. దాని పేరూ అరబానే.”

“నీ పేరే పెట్టుకున్నావా?”

“నేను పెట్టడమేంటి, మంగళవారం పుట్టిన ఆడపిల్ల ఎవరైనా అరబానే కదా.” మొదటిసారి ఆ పిల్ల ముఖం మెత్తబడింది. “ఈస్టరు ముందు మంగళవారం. తెల్లారుతుండగా. అప్పుడే కోళ్లు కూస్తున్నాయి.”

ఈస్టరు ముందు మంగళవారం. తెల్లారుతుండగా.

ఆ మాటలు అజోవా ఎన్నిసార్లు విందో! ప్రాసిక్యూటరు నోట విన్నది, పోలీసు నోట విన్నది, బొత్వే నోట విన్నది. మంగళవారం వేట నిషేధం కనక పడవలేవీ సముద్రం మీదికి పోలేదు. తెల్లారుతుండగా రేవులో ఎడుఫుల్ తల పగిలి పడి ఉన్నాడు. రక్తం అంటిన తెడ్డుతో పారిపోతున్న యోఫిని బొత్వే చూశాడు.

అజోవా ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఆపు. ఇంక ఒక్క మాట చెప్పకు.”

“ఇంతసేపూ చెప్పు చెప్పు అన్నావు.”

“చెప్పకు అంటున్నాను! నేను వినకూడదు. బైబిలు మీద ప్రమాణం చేశాను. కోర్టులో చెప్పింది తప్ప బయట మాట ఒక్కటి కూడా నా చెవిన పడకూడదు.”

చెవులు మూసుకుందామంటే ఒక చేతిలో కూకూ ఉన్నాడు. ఒక చెవే మూసుకోగలిగింది. రెండో చెవిలో అరబా గొంతు, ఇన్ని నెలలు బిగబట్టుకున్నది, కట్ట తెగినట్టు పడింది.

“ఆ రోజు యోఫి షామాలో లేడక్కా. నాకు ముందు సాయంత్రం నొప్పులొస్తే షామాకి దూరంగా టకొరాడి ఊళ్లో మంత్రసాని ఇంటికి వాడే తీసుకొచ్చాడు. పిల్ల పుట్టేటప్పుడు బయట అరుగు మీద ఉన్నాడు. నేను అరుస్తుంటే వాడు గోడ తడుతూ ‘ఉన్నానే, ఇక్కడే ఉన్నా’ అంటూనే ఉన్నాడు. ఎండెక్కాక పిల్లని చేతుల్లోకి తీసుకుని ఏడ్చాడు. తెల్లారే వేళకి రేవులో తెడ్డెలా పట్టుకుంటాడు? ఆ మంత్రసాని పోయిన వానల్లో చచ్చిపోయింది. ఇంక చెప్పేదాన్ని నేనొక్కత్తినే.”

“మరి కోర్టుకొచ్చి ఎందుకు చెప్పలేదే దౌర్భాగ్యురాలా?”

“బొత్వే మా అమ్మ తమ్ముడు.”

అజోవా పక్కనున్న బోర్లించిన బాల్చీ మీద కూలబడింది.

మేనమామ. అమ్మా నాన్నా లేని అరబాను పెంచినవాడు. యోఫి పెద్దమనుషుల్ని, ఆచారం ప్రకారం సారా సీసాల్ని వెంటబెట్టుకుని సంబంధం అడగడానికి తలుపు తడితే, ఆ సీసాలు ఇసకలోకి విసిరేసినవాడు. అరబా నోరు విప్పితే ఆమె బిడ్డ ముఖం మళ్లీ చూడనివ్వనన్నాడు. అన్నంత పనీ చేసేవాడే. మేనమామ మాటకు ఎదురు చెప్పే మనిషి ఆ ఇంట్లో లేరు. యోఫి కూడా జైలు ఊచల వెనక నుంచి నోరు విప్పొద్దనే అన్నాడట: చెయ్యని దానికి నన్నేం చేస్తారు, నువ్వు మాత్రం పిల్లని పోగొట్టుకోకు.

“వాడు పిచ్చోడక్కా. నిజం దానంతటదే తెలిసిపోతుందనుకుంటున్నాడు.”

“నేను ఏ కేసులో కూర్చున్నానో నీకు ముందే తెలుసా?”

అరబా తల దించుకుంది. “షామా వాళ్లంతా మొదటి రోజు కోర్టుకెళ్లారు కదా. వీపున పిల్లాడితో ఒక టీచరమ్మ జడ్జిని బతిమాలిందని ఊరంతా చెప్పుకున్నారు. పిన్నిగారు మనిషి కోసం వెతుకుతుంటే నేనే వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. యోఫి సంగతి ఆవిడకేమీ తెలీదు. నీకు చెబుదామని కాదక్కా, దేవుడి మీద ఒట్టు. సాయంత్రం నువ్వు గుమ్మంలో చెప్పులు విప్పేటప్పుడు నీ ముఖం చూసేదాన్ని. ఆ రోజు వాడికెలా జరిగిందో నీ ముఖంలో కనబడుతుందని.”

వింతేమిటంటే అజోవాకు ఆ క్షణంలో ఉరికంబం గుర్తుకు రాలేదు, ప్రమాణం గుర్తుకు రాలేదు. ఇన్నాళ్లూ తాను కుళ్లి కుళ్లి చచ్చిన ఆ ప్రేమంతా, ఆ జడలు, ఆ సూపు, ఆ లాలిపాటలు తన ముఖం చదవడానికి వేసిన వలేనా?

“అయితే నా పిల్లల మీద చూపించిందంతా నాటకమేనా?”

“అది ఒక్కటీ కాదు,” అంది అరబా. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “కూకూ నన్ను పట్టుకుంటే మా పిల్ల పట్టుకున్నట్టే ఉంటుంది. అందుకేగా పాలింకా ఇంకలేదు.”

నాటకమైతే బాగుండేదని అజోవాకి అనిపించింది. నాటకమని చెప్పి ఉంటే ద్వేషించి ఊరుకునేది.

పొద్దువాలుతుండగా ఎబో వచ్చాడు. రైల్వే వర్కుషాపు మసి ఇంకా చేతులకే ఉంది. అజోవా అతన్ని గదిలోకి తీసుకెళ్లి తలుపేసింది.

“దానికి బిడ్డ ఉందని నీకు తెలుసా?”

ఎబో చేతుల మసి వైపు చూసుకున్నాడు. “తెలుసు. పిన్ని చెప్పింది. నీకు చెప్పొద్దంది.”

“నాకు చెప్పొద్దంటే ఊరుకున్నావా? ఊరిపిల్ల గుట్టు నీ కడుపులో పెట్టుకుని నా పక్కన పడుకున్నావా?”

“అందులో అంత గుట్టేముంది అజోవా? పెళ్లి కాకుండా కన్నదని చెబితే నువ్వు రానిస్తావో లేదోనని. తండ్రెవరో నేనడగలేదు, పిన్ని చెప్పలేదు.” తరవాత అతని గొంతు కూడా కాస్త గరుకెక్కింది. “నువ్వు మాత్రం నాకు చెబుతున్నావా? రోజూ సాయంత్రం వస్తావు, అన్నం ముందు రాయిలా కూర్చుంటావు. ఏమైందంటే ప్రమాణం అంటావు. ముక్కూ మొహం తెలియని ఆ ఆరుగురితో నువ్వు పంచుకునేది నాతో పంచుకోవు. నాకెలా ఉంటుందో ఎప్పుడైనా అడిగావా?”

ఈ మనిషికి కూడా కుళ్లు ఉందా! అజోవా అతని ముఖంలోకి చూసింది. చెప్పాలనిపించింది. మంగళవారం గురించి, మంత్రసాని అరుగు గురించి, బొత్వే గురించి. నోటిదాకా వచ్చింది. మింగేసింది.

“ఎఫువా నాన్నా, రేపు ఒక్కరోజు ఓపిక పట్టు. రేపు జడ్జిగారికి చెప్పాక నీకే ముందు చెబుతాను.”

అప్పుడే అవతల కూకూ ఏడుపందుకున్నాడు. అజోవా వెళ్లి ఎత్తుకుంది. రొమ్ము అందిస్తే వాడు రెండుసార్లు లాగి, ఏమీ రాక, వదిలేసి గుక్కపట్టాడు. గోడ దగ్గర అరబా నిలబడి ఉంది. పాలు పొంగి పైగుడ్డ ముందు భాగం రెండు చోట్ల తడిసింది. నొప్పికి చేతులు అడ్డం పెట్టుకుంది. అడగలేదు. దగ్గరికి రాలేదు.

అజోవా కాసేపు పిల్లాణ్ణి ఊపింది, పాడింది, మళ్లీ ఊపింది. తరవాత వెళ్లి అరబా చేతుల్లో పెట్టింది. ఏడుపు ఠక్కున ఆగింది. అజోవా ముఖం గోడవైపు తిప్పుకుని నిలబడింది. ఆ పిల్ల మీద జాలి వచ్చింది. అసూయ మాత్రం అంగుళం కూడా కదల్లేదు. రెండూ ఒకే గుండెలో పక్కపక్కనే ఉన్నాయి.

“రేపు జడ్జిగారితో చెబుతాను,” అంది గోడతోనే. “నన్ను తీసేస్తారేమో. నిన్ను పిలిపిస్తారు. నువ్వు అన్నీ చెప్పాలి.”

“మామకి తెలిసిన క్షణం నా పిల్లని నాకు దక్కనివ్వడక్కా.”

“యోఫి ప్రాణం పోతే?”

అరబా పిల్లాడి తల నిమురుతూ ఉండిపోయింది.

తెల్లారింది. అజోవా బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. తాను జడ్జిగారి దగ్గరికి వెళుతున్నది ఎందుకు? యోఫిని కాపాడటానికా? ప్రమాణం కోసమా? లేక ఆ పిల్ల తన ఇంట్లోంచి, తన పిల్లాడి నోటి దగ్గర్నుంచి పోతుందనా? మూడోది కాదని గట్టిగా చెప్పుకోలేకపోయింది. ఎబో డ్యూటీకి వెళ్లిపోయాడు. పిల్లల్ని ఈ ఒక్కపూట అరబాకే వదలక తప్పలేదు. “ఓ కన్నేసి ఉంచు పెద్దమ్మా” అని మామే అట్టాకి చెప్పి వెళ్లింది.

కోర్టులో ముందు బెంచీలో బొత్వే ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. సాక్ష్యం అయిపోయినా రోజూ వస్తాడు, ఎర్రంచు నల్లగుడ్డ భుజాన వేసుకుని. అజోవా జ్యూరీ పెట్టెలోకి వెళ్లకుండా బిళ్లబంట్రోతు దగ్గరికి వెళ్లి, జడ్జిగారితో విడిగా మాట్లాడాలంది.

జడ్జిగారు తన గదిలో ఇద్దరు లాయర్లనూ కూర్చోబెట్టుకునే ఆమెను పిలిచారు. “మళ్లీ పిల్లల గొడవేనా టీచరమ్మా?” అన్నారు కళ్లద్దాలు సర్దుకుంటూ.

“అవును తల్లీ. కానీ నా పిల్లల గురించి కాదు.”

ఆమె చెప్పింది. పెరటి నీడలో చూసింది చెప్పింది, ఒక చెవే మూసుకోగలిగానని చెప్పింది, బొత్వేకి ఆ పిల్ల ఏమవుతుందో చెప్పింది. ప్రాసిక్యూటరు కుర్చీలో ముందుకి వంగాడు. డిఫెన్సు లాయరు దగ్గడం మానేశాడు. జడ్జిగారు అంతా విని ఒక్కటే అడిగారు.

“ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?”

“మా ఇంట్లోనే తల్లీ. నా పిల్లల దగ్గర.”

“మనిషిని పంపి పిలిపిస్తాను. ఆమె వచ్చే దాకా ఈ మాట ఈ గోడలు దాటకూడదు. మీరు వెళ్లి మీ చోట కూర్చోండి. నేనింకా మిమ్మల్ని వదల్లేదు.”

అజోవా హాల్లోకి వచ్చి పెట్టెలో కూర్చుంది. బోనులో ఉన్న యోఫిని తొలిసారి సరిగ్గా చూసింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఆ పక్కనే బొత్వే. అతను యోఫి వైపు చూడటం లేదు. జడ్జిగారి గదిలోంచి వచ్చిన టీచరమ్మ వైపే కన్నార్పకుండా చూస్తున్నాడు.

అప్పుడు వెనక తలుపు భళ్లున తెరుచుకుంది. బంట్రోతు అడ్డుకోబోతే మోచేత్తో తోసేసి మామే అట్టా లోపలికొచ్చింది. కెంకే పిండి ఇంకా చేతులకే ఉంది. ఒక చేత్తో ఎఫువాని పట్టుకుని ఉంది.

“టీచరమ్మా! నేను పొయ్యి చూసుకుని తిరిగేసరికి ఆ పిల్ల లేదు. కూకూ కూడా లేడు!”

“నిశ్శబ్దం!” అని బంట్రోతు అరిచాడు.

అజోవా లేచి నిలబడింది. ఎఫువా తల్లిని చూసి, చర్చిలో పద్యం అప్పజెప్పేటప్పటి గొంతుతో, హాలంతా వినబడేలా చెప్పింది.

“అరబా అక్క షామా వెళ్లిందమ్మా. వాళ్ల పాపని ఎవరూ చూడకుండా తెచ్చేసుకుంటుందంట. కూకూ ఆకలికి ఏడుస్తాడని వాడినీ కట్టుకెళ్లింది.”

బోనులో యోఫి రెండు చేతులూ చువ్వల్ని పట్టుకున్నాయి. “అరబా” అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఆ పేరు విన్న మరో మనిషి అప్పటికే లేచిపోయాడు. ముందు బెంచీ ఖాళీగా ఉంది. అజోవా కిటికీలోంచి చూసేసరికి, ఎర్రంచు నల్లగుడ్డ భుజాన వేసుకున్న ముసలాయన రోడ్డు దాటి, షామా, షామా అని అరుస్తున్న వ్యానులో కాలు పెడుతున్నాడు.